ఎల్డర్‌గేట్ గోల్‌కీపర్ చనిపోయిన వారం

ఎల్డర్‌గేట్ వాండరర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. వాళ్ల మైదానం, ఆకుపచ్చా నలుపూ చారల చొక్కాలు, గోలు వెనకాల గొంతు చించుకునే జనం, అన్నీ మా ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల మీదే పుట్టేవి. మా ఆయన క్లిఫర్డ్ గీసేవాడు. 'కెస్ట్రెల్' అనే పిల్లల బొమ్మల పత్రికలో అవి ప్రతి గురువారం వచ్చేవి. ఎవరు గీశారన్నది మాత్రం పత్రికలో ఎక్కడా ఉండదు. మూలన చిన్న సంతకం పెట్టినా లండన్ ఆఫీసువాళ్లు తెల్లరంగు పూసి కప్పేసేవాళ్లు.

మా రాకెన్‌షాలో మాత్రం చీమకు కూడా తెలుసు. ఎందుకంటే ఆ జట్టులో ఉన్నవన్నీ మా ఊరివాళ్ల ముఖాలే. మేనేజరు మా చర్చి బోధకుడు. వెనక వరసలో ఆడే సెంటర్ హాఫ్ మాంసం కొట్టు హెర్బర్ట్. ఎదురు జట్టులో తొండాట ఆడే దొంగ వెధవ మా మరిది. పాపం ఆయనకు ఆ సంగతి చివరిదాకా తెలియలేదు. ఇక గోల్‌కీపర్ హార్కర్ అంటే మా అబ్బాయి కీత్. ఆ చెవులు, ఆ గడ్డం మీద నొక్కు, అచ్చం వాడే.

కీత్ నిజంగానే గోల్‌కీపరు. పందొమ్మిదేళ్లవాడు. రాకెన్‌షా టౌన్‌లో అసలు గోల్‌కీపరు మోకాలు చితికిపోవడంతో ఆ ఏడు సెప్టెంబరు నుంచి మావాణ్ణి నిలబెట్టారు. నాలుగో డివిజనే అనుకోండి, అయినా అది జీతాలిచ్చే లీగే. మే నెలలో క్లబ్బు ఒక జాబితా వేస్తుంది, ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని పంపేస్తారో. అందులో పేరుంటే మావాడు ఆటగాడు. లేకపోతే తివాచీల మిల్లు.

ఇప్పుడు చెప్పబోయేది ఆ చలికాలం సంగతి, గని కార్మికుల సమ్మె జరిగి దేశమంతా కరెంటు పోయిన చలికాలం. భయం ఎప్పుడు మొదలైందంటే అక్టోబరులో మొదలైంది. మా ఇంట్లో ఈ రోజు గీసిన పేజీ ఆరు వారాలకు గానీ దుకాణంలోకి రాదు. అంటే ఎల్డర్‌గేట్‌కు ఏం జరగబోతోందో అందరికన్నా ఆరు వారాలు ముందే నాకు తెలుసు. అక్టోబరులో క్లిఫర్డ్ హార్కర్ చిటికెనవేలికి కట్టు గీశాడు. ఆ పేజీ అచ్చయి వచ్చిన వారమే కీత్ చిటికెనవేలు కీలు తప్పించుకుని ఇంటికొచ్చాడు.

"నాన్నా, వచ్చే వారం నాకో స్పోర్ట్స్ కారు గీసిపెట్టు," అన్నాడు, వేలు చన్నీళ్ల గిన్నెలో పెట్టుకుని.

"ముందు హార్కర్‌కి లైసెన్సు రానీరా," అన్నాడు వాళ్ల నాన్న.

ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత పేజీలో ఒక కుక్క మైదానంలోకి దూరి హార్కర్ టోపీ ఎత్తుకుపోయింది. అది వచ్చిన శనివారం కుక్క వచ్చింది, టోపీ ఎత్తుకుపోయింది. అప్పుడూ నవ్వాం. డిసెంబరులో పొగమంచులో హార్కర్ పెనాల్టీ కిక్‌ను ఎడమకాలితో ఆపాడు. ఆ వారం కీత్ కూడా ఆపాడు, పొగమంచులో, ఎడమకాలితోనే. ఈసారి వాళ్లిద్దరే నవ్వారు.

నేను చర్చికి వెళ్లే మనిషిని. టీ కప్పు అడుగున ఆకులు చూసి జాతకం చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా అమ్మ బల్ల మీద కొత్త జోళ్లు పెట్టనిచ్చేది కాదు, పెడితే ఇంట్లో చావొస్తుందట. నేను ఆమెను వెక్కిరించేదాన్ని. వెక్కిరించేదాన్నే గానీ, ఏనాడూ పెట్టి ఎరగను.

క్రిస్మస్ అయిన మూడో రోజున లండన్ నుంచి కొత్త కథ వచ్చింది. కథ రాసేది ఆఫీసువాళ్లు, గీసేది మా ఆయన. క్లిఫర్డ్ ఆ కాగితాలు రెండుసార్లు చదివి, మడిచి, కళ్లజోడు కింద పెట్టాడు. నేను ఇస్త్రీ చేస్తున్నాను.

"ఏం రాశారు?"

"ఏముంది, కప్పు మ్యాచ్."

"క్లిఫర్డ్."

"హార్కర్‌ని చంపేస్తున్నారే," అన్నాడు. "గోలు కొట్టడానికొచ్చే ఫార్వర్డ్ కాళ్ల మీదికి దూకి బంతి పట్టుకుంటాడట. బూటు తలకి తగులుతుందట. ఆఖరి బొమ్మలో స్ట్రెచర్, చుట్టూ జట్టంతా తలలు దించుకుని."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. చొక్కా అప్పటికే కొద్దిగా మాడింది.

"ఎందుకట?"

"ఓట్లు పడిపోయాయి. ఏదో ఒకటి చెయ్యకపోతే ఎల్డర్‌గేట్‌ని ఎత్తేస్తారు. ఒక్కడు పోతే పదిమంది మిగులుతారని ఆ ఎడిటర్ పెన్‌రోజ్ లెక్క."

పత్రిక చివర్లో ఒక కూపన్ ఉండేది. పిల్లలు తమకు నచ్చిన మూడు కథల పేర్లు రాసి, కత్తిరించి పంపాలి. అడుగున పడిన కథకు నూకలు చెల్లినట్టే. ఆ క్రిస్మస్ నాటికి ఎల్డర్‌గేట్ అన్నిటికన్నా అడుగున ఉంది. దానికి పైమెట్టు మీద మాట్లాడే గుర్రం కథ ఉంది.

"అయితే మొహం మార్చు," అన్నాను.

"మూడేళ్లుగా గీస్తున్న మొహం. మారిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పిల్లల దాకా ఎందుకు, ఆఫీసువాళ్లే పాత పేజీలోంచి హార్కర్ తలకాయ కత్తిరించి అతికిస్తారు. చేశారు కూడా ఒకసారి."

"మన కీత్‌ని ఎలా గీస్తావు, అలా?"

"బొమ్మే ఎనిడ్. పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా?"

"మరి వేలెందుకు తప్పింది?"

ఆయన పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికే దానికి మొన సూదిలా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం టీ పట్టుకుని ముందుగదిలోకి వెళ్లాను. కుంపటి ముందు రగ్గు మీద కీత్ వెల్లకిలా పడున్నాడు. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఒక చెయ్యి అరచెయ్యి పైకి పెట్టి నేల మీద వదిలేసినట్టుంది. వాళ్ల నాన్న బల్ల దగ్గర వంగి, వాణ్ణి చూస్తూ, గీస్తూ, మళ్లీ చూస్తున్నాడు. గదిలో పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను ఉన్నచోటే ఆగిపోయాను. వాడు బొమ్మ కోసం పడుకున్నాడని నాకు తెలుసు, బుద్ధికి తెలుసు. కాళ్లకు తెలియలేదు.

"ఇంకెంతసేపు చావాలి నాన్నా?" అన్నాడు కీత్, పెదాలు కదపకుండా. "ముక్కు దురద పెడుతోంది."

"చచ్చినవాడికి దురదేంట్రా. కదలకు."

వాడి పొట్ట ఎగిరెగిరి పడింది నవ్వుతో. లేచి కూర్చుని, కళ్లు తుడుచుకుని, నా చేతిలో కప్పు అందుకున్నాడు. "అమ్మా, అలా ఉన్నావేంటి? దెయ్యాన్ని చూసినట్టు!"

"టీ చల్లారిపోతుంది, తాగు," అన్నాను.

బుధవారం ఉదయానికి పేజీ అయిపోయింది. ఆఖరి గీత గీయగానే క్లిఫర్డ్ కోటు తగిలించుకుని కాలువ గట్టు మీద నడకకు పోతాడు, అది ఆయన అలవాటు. మిగతా పని నాది. ఆయన గీతలు గీసి, నల్లగా నిండాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెడతాడు. గుర్తున్న చోట నేను కుంచెతో సిరా నింపాలి. ఆరాక పెన్సిలు గీతలు చెరిపి, అట్టల మధ్య పెట్టి, దారం కట్టి, స్టేషన్లో పన్నెండున్నర లండన్ రైలుకు అందించాలి. పెళ్లయిన ఏడాది నుంచి అదే వరస. ఎల్డర్‌గేట్ వాళ్ల జుట్టు, చొక్కాల మీద నల్ల చారలు, గోలు వెనకాల జనంలో చీకటి, అన్నీ నా చేతి సిరాయే. గుర్తు లేని చోట ఒక్క చుక్క పెట్టి ఎరగను.

ఆ పేజీలో హార్కర్ ముఖం నాలుగు బొమ్మల్లో ఉంది. ముందుకు దూకుతున్నప్పుడు ఒకటి, బూటు తగిలినప్పుడు ఒకటి, జట్టు చుట్టూ మూగినప్పుడు ఒకటి, ఆఖర్న స్ట్రెచర్ మీద ఒకటి. ఆ ఆఖరిది చూశాను. ఆయన మంచి పనివాడు. కీత్ నిద్రపోయేటప్పుడు కుడి కనుబొమ కొద్దిగా పైకి లేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అది కూడా వదలకుండా గీశాడు.

కుంచె సిరాలో ముంచాను. మొదటి బొమ్మలో గోలు స్తంభం నీడను వాడి ముఖం మీదికి లాగాను. రెండోదాంట్లో ఫార్వర్డ్ నీడ దింపాను. మూడోదాంట్లో జట్టు నీడ. ఆఖరిదాంట్లో వంగి ఉన్న సెంటర్ హాఫ్ నీడను నుదుటి నుంచి గడ్డం దాకా నింపేశాను, నొక్కుతో సహా. గబగబా పూయలేదు, పద్ధతిగా పూశాను, వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూసుకుని మరీ. అరగంటలో నా కొడుకు ఆ పేజీలోంచి బయటికొచ్చేశాడు. అక్కడ చనిపోయినవాడు ఇక ఎవరైనా కావచ్చు.

కుంచె కడుగుతుండగా వెనక తలుపు చప్పుడైంది. కీత్ ప్రాక్టీసు నుంచి వచ్చాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఇంకా ఆరలేదమ్మా," అన్నాడు.

"తాకకు."

"తాకట్లేదు."

నేను పొయ్యి వైపు తిరిగి సూపు కలుపుతున్నాను. వాడు కాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. గిన్నెలో పోసి పిలిస్తే ఆకలి లేదన్నాడు. మైదానంలో పరిగెత్తించి చంపుంటారనుకుని, పేజీ కట్టుకుని స్టేషనుకు వెళ్లిపోయాను.

సోమవారం లండన్ నుంచి పెన్‌రోజ్ ఫోను చేశాడు. క్లిఫర్డ్ "ఊ", "ఆ", "అలాగేనండి" అంటూ విని, ఫోను పెట్టేసి, వంటగది గుమ్మంలోకి వచ్చాడు.

"మొహం నీడలో పెట్టి భలే ఎత్తు వేశానట. చచ్చాడో లేదో తెలీక పిల్లలు కొట్టుకు చస్తారట. రేప్పొద్దున బతికించాలన్నా వీలుంటుందట." కొంచెం ఆగాడు. "ఏం చేశావ్ ఎనిడ్?"

"నింపాను."

"నేను గుర్తు పెట్టని చోట."

"అవును."

"ఇరవై రెండేళ్లు," అన్నాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజూ పెంచలేదు. "పేరు వెయ్యరు. సంతకం ఉంచరు. ఆ గీత ఒక్కటే నాదని చెప్పుకోవడానికి ఉంది. దాని మీద బయటివాళ్లు పూశారంటే ఏడ్చి ఊరుకున్నాను. నువ్వు కూడానా?"

"చూడలేకపోయాను క్లిఫ్. తిట్టు. కావాలంటే రేపటి నుంచి నువ్వే నింపుకో."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు, తుడిచిందే తుడిచాడు.

"గీస్తుంటే నాకూ చెయ్యాడలేదు," అన్నాడు చివరికి. "కానీ ఒక్క మాట విను. నీ భయం నీ దగ్గరే ఉంచుకో. బ్యాంకు గుమస్తాకి భయమున్నా పని నడుస్తుంది. గోల్‌కీపరుకి నడవదు. ఇది జలుబులాంటిది, ఇంట్లో ఒకరికొస్తే ఊరుకోదు. వాడికి మాత్రం తెలియనివ్వకు."

"నా నోట్లోంచి ఒక్క ముక్క రాదు."

రాలేదు. ఆ మాట మీద నిలబడ్డాను. ఆరు వారాలూ వాడి ముందు పాటలు కూడా పాడాను, నా గొంతుకు అదొక సాహసం.

ఆ ఆరు వారాలు నేనెలా గడిపానో చెప్పమంటే చెప్పలేను. ఒక్కో గురువారం గడిచినప్పుడల్లా ఇంకెన్ని ఉన్నాయో వేళ్ల మీద చూసుకునేదాన్ని. ఫిబ్రవరి పదిహేడు గురువారం పత్రిక వస్తుంది. పంతొమ్మిది శనివారం హెక్లీ వాళ్లతో మ్యాచ్, మా ఊళ్లోనే. ఈలోగా గనుల్లో సమ్మె ముదిరింది. బొగ్గు లేక కరెంటు వంతులవారీగా తీసేస్తున్నారు. మైదానంలో దీపాలు వెయ్యకూడదని, వెలుతురుండగానే ఆటలు ముగించాలని ఆజ్ఞలు వచ్చాయి. దేశమంతా కరెంటు కోసం ఏడుస్తుంటే నేను, ఆట మొత్తానికే రద్దయితే బాగుండునని చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని కోరుకున్నాను. నేల గడ్డకట్టాలని, మంచు కురవాలని కోరుకున్నాను. దేవుడితో బేరాలాడకూడదని మాకు నేర్పించారు. నేను ఆడాను.

పక్కింటి డోరిస్ క్లెగ్‌కు మాత్రం పండగలా ఉంది. "రోజుకి మూడు గంటలు మా ఆయన మొహం కనబడట్లేదు ఎనిడ్," అంటుంది గోడ మీది నుంచి. "ఆ సమ్మె చేసేవాళ్ల కడుపు చల్లగుండ."

కీత్ మాత్రం నెమ్మదించాడు. మెట్లు నాలుగేసి దూకేవాడు కాస్తా కమ్మీ పట్టుకుని దిగుతున్నాడు. జాబితా గురించి దిగులనుకున్నాను. ఆ వయసులో ఎవరికుండదు?

గురువారం వచ్చింది. అట్ట మీద ఎర్రటి అక్షరాలు, 'హార్కర్ ఇక లేడా?' అని. పదింటికి తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. డోరిస్ కూతురు సూసన్, తొమ్మిదేళ్లది, స్కూల్లో కరెంటు లేక పంపేశారు. పత్రిక గుండెలకు హత్తుకుని నిలబడింది. దాని వెనక ఇంకో నలుగురు.

"మిసెస్ ఆర్మరాడ్, కీత్ బానే ఉన్నాడా?"

హార్కర్ అనలేదు. కీత్ అంది.

"బానే ఉన్నాడమ్మా. ప్రాక్టీసుకి వెళ్లాడు."

"నిజంగా?"

"నిజంగానే. నా చేత్తో గుడ్డు పెట్టి పంపాను."

"మా అమ్మ పాత లంగా కత్తిరించి పట్టీలు కుడుతోంది," అంది సూసన్. "మేమందరం శనివారం చేతికి కట్టుకుని వస్తాం. కీత్ గోలు వెనకాలే నిలబడతాం."

"ఏం పట్టీలు?"

"నల్లవి. హార్కర్ సంతాపానికి."

తలుపు వేసి వంటగదిలోంచి పెరట్లోకి ఒక్క అంగలో వెళ్లాను. డోరిస్ గోడవతల బట్టలు ఆరేస్తోంది.

"బతికున్న పిల్లాడికి నల్లపట్టీలు కుడతావా డోరిస్? నీకు బుద్ధుందా?"

"ఏమైందే నీకు!" అంది, నోట్లో క్లిప్పు తీసి. "పిల్లల సరదా. చచ్చింది హార్కర్ కదా, కీత్ కాదు కదా?"

ఏం చెప్పను? కాదు కదా అని డోరిస్ ఊరికే అన్న మాటను ఆ రోజంతా జపంలా అనుకుంటూ ఉండిపోయాను.

శుక్రవారం మంచు కురవలేదు. వాన కురిసి నేలంతా మెత్తబడింది. శనివారం ఆటకు ఇంతకన్నా బాగుండదు అన్నారు అందరూ.

కీత్‌కు పదిహేనేళ్లప్పుడు ఒకసారి వాడి ఆటకు వెళ్లి, చూడలేక సగంలో వచ్చేశాను. ఆ తర్వాత మావాడి ఆట చూడ్డానికి నేను వెళ్లలేదు. ఆ శనివారం టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వూ వస్తున్నావా?" అన్నాడు కీత్.

"ఇంట్లో కరెంటు లేదు, చలి. జనంలో వెచ్చగా ఉంటుంది."

బూట్ల సంచి భుజాన వేసుకుని నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు. "సరే, రా," అన్నాడు.

ఆట రెండింటికే మొదలైంది. ఆకాశం బూడిద రంగులో ఉంది. మేము గోలు వెనక ఇనుప కమ్మీ దగ్గర నిలబడ్డాం, నేనూ క్లిఫర్డూ. మొదటి సగం కీత్ అవతలి గోలులో ఉన్నాడు. దూరం నుంచి అంగుళమంత కనిపిస్తున్నాడు, బంతి అటు పోయినప్పుడల్లా నేను కమ్మీ పట్టుకున్నాను. రెండో సగంలో మా వైపు వచ్చాడు. మా పక్కనే పిల్లలు, ముప్పై మంది దాకా ఉంటారు, ఎడమ జబ్బలకు నల్లపట్టీలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. అరవడం లేదు. ఎవరో వాళ్లకు చెప్పారట, సంతాపమంటే అరవకూడదని. బంతి బయటికి పోతే తీసుకోవడానికి కీత్ వెనక్కి తిరిగాడు, వాళ్లను చూశాడు. సూసన్ చెయ్యి ఊపింది. వాడు బంతి తీసుకుని మళ్లీ తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

చెరొక గోలుతో సమంగా ఉన్నారు. ఇంకో పది నిమిషాలుందనగా హెక్లీ సెంటర్ ఫార్వర్డ్, ఎర్రజుట్టు మనిషి, మా వెనక వరసను దాటేసి ఒక్కడే దూసుకొచ్చాడు. బంతి అతని కాళ్ల నుంచి కొంచెం ముందుకు జారింది. రెండు గజాలు. గోల్‌కీపరు దూకి పట్టుకోవాల్సిన బంతి, స్కూలు పిల్లాడైనా దూకే బంతి. కీత్ పరిగెత్తుకుంటూ ముందుకు వచ్చాడు. మోకాళ్లు వంచాడు. నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను, మూతపడలేదు.

వాడు ఆగిపోయాడు.

చేతులు ముందుకు చాచి ఉన్నాయి, కాళ్లు మాత్రం నేలకు అంటుకుపోయాయి. ఎర్రజుట్టు మనిషి కూడా తత్తరపడి, వాడి వంక ఒకసారి చూసి, బంతిని పక్కనుంచి మెల్లగా గోలులోకి తోసేశాడు. మైదానమంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. రెండు వేలమంది జనం, ఒక్క చప్పుడు లేదు. అందులో నా చేతులు నా ప్రమేయం లేకుండానే చప్పట్లు కొట్టాయి. నాలుగు సార్లో, ఐదు సార్లో. వాడు నిలబడే ఉన్నాడు. తల భుజాల మీదే ఉంది. అంతకన్నా నాకేం కనబడలేదు.

క్లిఫర్డ్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఎనిడ్, ఆపు," అన్నాడు. అప్పటికి జనం తిట్లు మొదలుపెట్టారు. నేను రాకెన్‌షాలో పుట్టి పెరిగాను, మావాళ్ల నోట అంత చెడ్డ మాటలు ఎప్పుడూ వినలేదు. ఒకాయన "పిరికి వెధవా!" అన్నాడు. నల్లపట్టీలు కట్టుకున్న పిల్లలు ఎటు చూడాలో తెలియక నేల చూశారు.

ఆ తర్వాత రెండు మ్యాచ్‌లు ఆడించారు. రెండిట్లోనూ అంతే. దూరం నుంచి కొట్టినవన్నీ పట్టేవాడు, ఎవరైనా మీదికొస్తే ఆగిపోయేవాడు. మార్చిలో వేరే గోల్‌కీపర్‌ను అరువు తెచ్చుకున్నారు. మేలో జాబితా వేశారు, అందులో మావాడి పేరు లేదు. ఈలోగా లండన్ ఆఫీసుకు గోనెసంచులకొద్దీ ఉత్తరాలు వచ్చాయట. ఈస్టరు సంచికలో హార్కర్ ఆసుపత్రిలో కళ్లు తెరిచాడు, కూపన్లలో ఎల్డర్‌గేట్ అన్నిటికన్నా పైకి పోయింది. పెన్‌రోజ్ మళ్లీ ఫోను చేసి క్లిఫర్డ్‌ను మెచ్చుకున్నాడు.

జాబితా వచ్చిన రోజు మధ్యాహ్నం కీత్ వెనక మెట్ల మీద కూర్చుని బూట్ల మట్టి కత్తితో గీకుతున్నాడు. ఇక వాటితో పని లేదు, అయినా గీకుతున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆ రోజు ఎందుకు ఆగావురా?"

చాలాసేపు గీకాడు.

"నన్ను చచ్చినట్టు గీస్తుంటే నాకు భయం వెయ్యలేదమ్మా," అన్నాడు. "రగ్గు మీద నవ్వాపుకోలేకపోయాను. నువ్వూ చూశావుగా."

"చూశాను."

"తర్వాత ఆ బుధవారం వచ్చి చూస్తే బల్ల మీద పేజీ ఆరుతోంది. నా మొహమంతా నల్లసిరా. నాన్న పని కాదని చూడగానే తెలిసింది. అది నీ కుంచె." కత్తి పక్కన పెట్టాడు. "మా అమ్మ దేనికీ భయపడదు. అలాంటిది మా అమ్మే చూడలేక కప్పేసిందంటే, ఇందులో ఏదో ఉందనుకున్నాను. అప్పట్నించి అది వదల్లేదు."

ఆరు వారాలు నోరు కట్టుకున్నాను. పాటలు పాడాను. అంతా అయిపోయిన తర్వాత పాడానన్నమాట.

"గోలు పడ్డాక ఎవరో చప్పట్లు కొట్టారు," అన్నాడు. "నువ్వేనా?"

"నేనే."

"అనుకున్నాను," అన్నాడు. కోపంగా అనలేదు. "అది విన్నాకే తెలిసిపోయిందమ్మా, ఇక నా వల్ల కాదని."

బూట్లు రెండూ కలిపి లేసులు ముడేశాడు. వాడి తల నా భుజానికి దగ్గరగా ఉంది, చిన్న గాటు కూడా లేకుండా. క్షమించరా అన్నాను. ఫరవాలేదమ్మా, మిల్లులో పని అంత చెడ్డదేం కాదట అన్నాడు. కానీ ఆ శనివారం మళ్లీ వస్తే మళ్లీ చప్పట్లు కొడతానని నాకు తెలుసు. ఆ మాట వాడితో ఇప్పటికీ చెప్పలేదు.